తాండూరు బండ మీద రోబో: ఊడ్చి తుడిచే యంత్రం కొనే ముందు

పోయిన సంవత్సరం పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో ఒక సీనియర్ అన్న లేచి, "ఈసారి హాస్టల్‌కు ఫ్యాన్లు, డిక్షనరీలు కాదు, నేలను ఊడ్చి తడిబట్ట కూడా పెట్టే రోబోను కొనిస్తా" అన్నప్పుడు హాలంతా చప్పట్లతో మారుమోగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ అన్న మన వికారాబాద్ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివి, ప్రస్తుతం హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. తాండూరులో ఒక్కతే ఉంటున్న వాళ్లమ్మకు ఒకటి, హాస్టల్‌కు ఒకటి కొనాలని ఆయన ఆలోచన. "మీరు ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లు కదా, ఏది కొనాలో మీరే చూసి చెప్పండి" అని ఆ పని మా మీద పెట్టాడు.

మేమంటే ఇదే హాస్టల్లో చదివి ఇప్పుడు పీజీ చేస్తున్న ముగ్గురం. మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్లం మేమే. అందుచేత బ్యాంకు కాగితం చదవాలన్నా, మిక్సీ కొనాలన్నా మమ్మల్నే అడుగుతారు. తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపడం మాకు అలవాటైపోయింది. ఈ విషయంలో మాత్రం తల ఊపి తప్పించుకోలేకపోయాం. ఎందుకంటే నేల ఊడ్చే పని మాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పొద్దున అయిదున్నర బెల్లుకు లేచి, గోడ మీది డ్యూటీల కాగితంలో పేరు చూసుకుని, పెట్టెలు జరిపి గది ఊడ్చినవాళ్లం. అమ్మలను బండలు తుడిచే పనికి పంపి చదువుకున్నవాళ్లం. ఆ యంత్రం గురించి రెండు నెలల పాటు మేము చదివినది, చేసి చూసినది ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా కొంచెం చరిత్ర. గాలితో దుమ్మును పీల్చే పెద్ద యంత్రాన్ని 1901లో ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు తయారు చేశాడు. అది ఇంట్లోకి పట్టేది కాదు. గుర్రపు బండి మీద వీధిలో నిలబెట్టి, పొడవాటి గొట్టాలను కిటికీల గుండా లోపలికి పంపేవారు. ఇంట్లో చేతితో నడిపే చిన్న కరెంటు యంత్రాన్ని చేసినవారిలో ముఖ్యుడు మాత్రం ఇంజనీరు కాడు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణంలో ఒక దుకాణంలో ఊడ్చే పని చేసే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. ఆయనకు ఉబ్బసం. ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్ము పడక, ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి 1907లో తన కోసం ఒక యంత్రం కట్టుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. ఆ హక్కులను కొన్న హూవర్ కుటుంబం పేరే తరువాత ప్రపంచమంతా తెలిసింది, స్పాంగ్లర్ పేరు చాలామందికి తెలియదు. ఈ సంగతి చదివినప్పుడు మాకు మన హాస్టల్ కామాటి అక్క దగ్గు గుర్తొచ్చింది.

తనంతట తాను తిరిగే యంత్రం చాలా కాలం తరువాత వచ్చింది. స్వీడన్‌కు చెందిన ఎలక్ట్రోలక్స్ కంపెనీ 2001లో ట్రైలోబైట్ అనే దాన్ని అమ్మకానికి పెట్టింది. 2002లో అమెరికాలో ఐరోబో కంపెనీ రూంబాను తెచ్చింది. ఇవి రెండూ ఊడ్చేవే కానీ తుడిచేవి కావు. నేల కడిగే స్కూబాను ఐరోబో 2005లో ప్రకటించింది, కానీ అది విడి యంత్రం. ఊడ్చడం, తుడవడం రెండూ ఒకే డబ్బాలో పెట్టినవి మన దేశంలో మధ్యతరగతి ఇళ్లకు చేరింది గత కొన్నేళ్లలోనే. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, షావోమీ ఇలాంటి యంత్రాన్ని 17,999 రూపాయలకు మన దేశంలో తెచ్చింది. పనివాళ్లు ఇళ్లకు రాలేని రోజులు అవి. ఇప్పుడు ఇరవై వేల లోపు నుంచి లక్ష దాటిన వాటి దాకా ఉన్నాయి.

ఇక కొనేవాళ్లు మొట్టమొదట చూసేది పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసిన పాస్కళ్ల అంకె. 4000 అని ఒకటి, 8000 అని ఒకటి, ఈమధ్య 20000 అని కూడా. పాస్కల్ అంటే పీడనానికి కొలత అని తొమ్మిదో తరగతిలో చదువుకున్నదే. దాన్ని ఇంట్లో అర్థమయ్యేలా చెప్పుకోవాలంటే స్ట్రాతో నీళ్లు తాగడం గుర్తు తెచ్చుకోవాలి. నీళ్లను 10 సెం.మీ. ఎత్తుకు పీల్చడానికి దాదాపు 1000 పాస్కళ్లు కావాలి. కాబట్టి 5000 పాస్కళ్ల యంత్రం అంటే నీళ్లను సుమారు అర మీటరు పైకి లాగగల పీల్పు ఉన్నదన్నమాట. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ అంకె పీల్చే దారిని పూర్తిగా మూసి కొలిచినప్పటిది. నేల మీద నడిచేటప్పుడు చుట్టూ సందు ఉంటుంది, గాలి అటు నుంచి వచ్చేస్తుంది. నున్నటి బండ మీది దుమ్ముకు 3000, 4000 చాలు. 20000 అనేది దట్టమైన తివాచీలు పరిచే దేశాలకు పనికొచ్చే అంకె. తాండూరులో తివాచీ ఎవరింట్లో ఉంది?

తుడవడం సంగతి వేరు. అక్కడ అంకెలు తక్కువ, తేడాలు ఎక్కువ. చవక రకంలో యంత్రం వెనక ఒక పలకకు తడిబట్ట అంటించి ఉంటుంది, యంత్రం ముందుకు పోతుంటే అది ఈడ్చుకుంటూ వస్తుంది. అంతే. దాన్ని తుడవడం అనడం కంటే నేలను తడపడం అనడం న్యాయం. రెండో రకంలో ఆ పలక గబగబా వణుకుతుంది, కాస్త మరక కదులుతుంది. మూడో రకంలో రెండు గుండ్రటి బట్టలు తిరగలి రాళ్లలా తిరుగుతూ నేలను రుద్దుతాయి. నాలుగో రకం రోలర్. అప్పడాల కర్రలాంటి మెత్తటి గొట్టం తిరుగుతుంటే, ఒకవైపు మంచినీళ్లు పడుతుంటాయి, మరోవైపు మురికినీళ్లను పిండి వేరే డబ్బాలోకి పంపుతుంది. దీని ధర ఎక్కువ. తిరిగే బట్టలు నేలను ఎంత గట్టిగా ఒత్తుతాయో కొన్ని కంపెనీలు రాస్తాయి, 10 న్యూటన్లు అని. అంటే కిలో బరువు పెట్టినంత. మనిషి కింద కూర్చుని అరచేతితో ఒత్తి రుద్దితే ఆ బలం దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. చారు ఒలికి ఎండిపోయిన మరకను ఈ యంత్రం ఒక్కసారిలో తీయలేకపోవడానికి కారణం ఇదే. మూడునాలుగు సార్లు తిరిగితే తీస్తుంది.

ఇదంతా కాగితం మీద చదివిన చదువు. అసలు చదువు తాండూరులో మొదలైంది.

అన్న తన స్నేహితుడి దగ్గర ఒక పాత యంత్రాన్ని, బట్ట ఈడ్చే రకాన్ని, అడిగి తెచ్చి మా చేతిలో పెట్టాడు. వికారాబాద్‌లో రైలెక్కి దాన్ని ఒళ్లో పెట్టుకుని తాండూరు పోయాం. వాళ్లిల్లు అక్కడి చాలా ఇళ్లలాగే బండల ఇల్లు. హాల్లో పాలిష్ పట్టిన నీలం బండలు, వంటింట్లో, వరండాలో గరుకు బండలు, గూట్లో అరలు కూడా బండలే. తాండూరు బండ సంగతి మనవాళ్లకు చెప్పనవసరం లేదు. మనలో సగం మంది నాయినలు గనుల్లోనో పాలిష్ మిషన్ల దగ్గరో పనిచేసినవాళ్లే. అయినా ఒక మాట. ఇది సున్నపురాయి. గనిలో పొరలు పొరలుగా ఉంటుంది, గడ్డపారతో లేపితే పలకలుగా ఊడి వస్తుంది. అందుకే గ్రానైట్ కంటే చవక, అందుకే పాలిష్ పట్టకపోతే పైన సహజమైన మిట్టపల్లాలు ఉంటాయి. కర్ణాటకలోని షాబాదు పేరు మీద షాబాదు బండలని అమ్మేవీ ఈ జాతివే.

అన్న వాళ్లమ్మ వరండాలో కూర్చుని చూస్తూ, "గీ డబ్బ నా బదులు బండలు తుడుస్తదా బిడ్డా?" అన్నది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. కూర్చుంటే లేవలేదు, వంగితే నడుము పట్టేస్తుంది. హాల్లో బటన్ నొక్కాం. పాలిష్ బండ మీద యంత్రం చక్కగా పోయింది. దుమ్ము పోయింది, తడి సమంగా పరుచుకుంది. ఆమె ముఖంలో సంతోషం చూసి మేమూ సంతోషించాం. అది పావుగంట సేపే.

వంటింటికి గడప ఉంది, ఎత్తు 3 సెం.మీ. పైనే. ఇలాంటి యంత్రాలు మామూలుగా 2 సెం.మీ. దాకా ఎక్కుతాయి. ఇటీవలి ఖరీదైన కొన్ని మాత్రమే 4 సెం.మీ., అంతకు మించి ఎక్కుతాయి. ఇది గడపకు కొట్టుకుని, వెనక్కు జరిగి, మళ్లీ కొట్టుకుని, చివరకు ఆగిపోయింది. మేము చెప్పేలోపే అమ్మ లేచి, వంగి, రెండు చేతులతో దాన్ని ఎత్తి వంటింట్లో పెట్టింది. ఆ యంత్రం బరువు మూడున్నర కిలోలు. ఏ వంగుడు తప్పించాలని దాన్ని తెచ్చామో ఆ వంగుడే ఆమె చేత అది చేయించింది. ఆ రోజు సాయంత్రం లోపల ఆమె దాన్ని ఎన్నిసార్లు ఎత్తిందో లెక్కపెట్టాం. పదకొండు సార్లు.

వంటింటి గరుకు బండల మీద ఇంకో ఇబ్బంది. పాత ఇళ్లలో బండకూ బండకూ మధ్య సందు వెడల్పుగా ఉంటుంది, సిమెంటు అక్కడక్కడ ఊడిపోయి ఉంటుంది. చీపురు పుల్ల ఆ సందులోకి దిగుతుంది. యంత్రం పక్కన తిరిగే చిన్న బ్రష్షు పైపైన పోతుంది. ఊడకుండా మిగిలిన దుమ్ము మీద వెనకాలే తడిబట్ట పడేసరికి అది బురదై సందుల్లో కూరుకుంది. మాకు అర్థమైనది ఏమంటే, గరుకు నేల మీద రెండు పనులూ ఒకేసారి చేయించకూడదు. ముందు ఊడ్చే పని మాత్రమే పెట్టి, డబ్బా ఖాళీ చేసి, ఆ తరువాత తడి పెట్టాలి. కాబట్టి ఈ రెండు పనులనూ విడివిడిగా చేయించే వీలున్న దాన్నే కొనాలి.

మర్నాడు శుక్రవారం. అమ్మ తెల్లవారే గడపకు పసుపు రాసి వరండాలో ముగ్గు వేసింది. యంత్రం తడిబట్టతో సహా ముగ్గులోకి పోయి, అక్కడి నుంచి హాల్లోకి వచ్చి, నీలం బండల మీద తెల్లటి చారలు గీసింది. మాకు నవ్వు ఆగలేదు, ఆమెకు మాత్రం కోపం వచ్చింది. "నా ముగ్గు తుడిచి ఇల్లంత ముగ్గేసింది" అన్నది. ఇక్కడ మంచి యంత్రానికీ చవక యంత్రానికీ ఉన్న ముఖ్యమైన తేడా తెలిసింది. అదే చూపు.

చవకవి గుడ్డివాడు గోడ తడుముకున్నట్టు పోతాయి. తగిలితే తిరుగుతాయి. ఒకచోట నాలుగుసార్లు ఊడ్చి ఇంకోచోట అసలు ఊడ్చవు. మేము తెచ్చినది ఈ రకం. కొంచెం మంచివాటికి నెత్తి మీద చిన్న గుండ్రటి బుడిపె ఉంటుంది. అందులో లేజర్ ఉంటుంది. అది గిరగిరా తిరుగుతూ నలువైపులా కాంతిని విసిరి, గోడకు తగిలి తిరిగి వచ్చిన తీరును బట్టి దూరాలు లెక్కగట్టి, ఇంటి పటం గీసుకుంటుంది. చీకట్లో కూడా పనిచేస్తుంది. ఆ పటం మీద ఫోన్లో వేలితో గీత గీసి, ఇక్కడికి పోవద్దని చెప్పవచ్చు. ముగ్గుకు గీత, దేవుడి మూలకు గీత. కాబట్టి లేజర్ లేనిది కొనవద్దని మా గట్టి అభిప్రాయం. డబ్బు తక్కువైతే పాస్కళ్లు తగ్గించుకోండి, లేజర్‌ను కాదు. ఒక్క చిక్కు, బుడిపెతో కలిపి ఎత్తు 10 సెం.మీ. దగ్గరికి వస్తుంది. మంచం కింద, బీరువా కింద స్కేలు పెట్టి కొలుచుకోవాలి.

అడుగున ఇంకో రకం కళ్లుంటాయి. మెట్టు అంచు మీద నుంచి పడిపోకుండా ఉండటానికి కంటికి కనబడని ఎర్ర కిందటి కాంతిని, అంటే పరారుణ కాంతిని, నేల మీదికి పంపుతుంది. తిరిగి రాకపోతే అక్కడ గుంట ఉందని ఆగిపోతుంది. వరండా మెట్టు దగ్గర సరిగ్గానే ఆగింది. కానీ నలుపు కాంతిని మింగేస్తుంది కనుక, వాకిట్లోని నల్ల రబ్బరు పట్టాను కూడా గుంట అనుకుని దాని దగ్గరికి పోలేదు. నీలం బండతో ఈ ఇబ్బంది రాలేదు.

కెమెరాతో చూసే రకాలూ ఉన్నాయి. చెప్పులు, వైర్లు గుర్తుపట్టి తప్పుకుంటాయి. మంచిదే. కానీ 2022 డిసెంబరులో ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ పత్రిక ఒక విషయం బయటపెట్టింది. పరీక్ష కోసం కొందరి ఇళ్లలో పెట్టిన రూంబా యంత్రాలు తీసిన ఫొటోలు, మరుగుదొడ్డి మీద కూర్చున్న ఒక స్త్రీ ఫొటోతో సహా, వాటికి పేర్లు గుర్తించే కూలిపనివాళ్ల చేతుల నుంచి ఇంటర్‌నెట్ గ్రూపుల్లోకి పోయాయి. అవి అమ్మకానికి పెట్టినవి కావు, పరీక్ష యంత్రాలేనని కంపెనీ చెప్పింది. అయినా ఒంటరిగా ఉండే తల్లి ఇంట్లో, అక్కచెల్లెళ్లు తిరిగే ఇంట్లో కెమెరా లేనిదే నయమని మేము అనుకున్నాం. లేజర్ గోడలను కొలుస్తుంది కానీ ఫొటో తీయదు.

ఇక నీళ్లు. స్టేషన్ లేని యంత్రాల్లో నీళ్ల డబ్బా 200 నుంచి 300 మి.లీ. పడుతుంది, అంటే గ్లాసున్నర. అమ్మ బండలు తుడవడానికి బకెట్ నీళ్లు వాడి, మధ్యలో ఒకసారి మార్చేది. గ్లాసున్నర నీళ్లతో ఇల్లంతా తుడిస్తే చివరి గదికి వచ్చేసరికి బట్ట ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే గదికో జత బట్టలు మార్చాలి, లేదా బట్టను తనే ఉతుక్కునే స్టేషన్ ఉన్నది కొనాలి. స్టేషన్ ఉన్నవాటి ధర సుమారు 40 వేల నుంచి పైకి. పైగా వాటి మురికినీళ్ల డబ్బాను మనిషే తీసి పారబోయాలి. మూడునాలుగు లీటర్లు పడుతుంది. ఎండాకాలంలో రెండు రోజులు మరిచిపోతే ఇంట్లో ఉండలేం.

తాండూరు బోరు నీళ్లు సున్నపునీళ్లు. బిందె అడుగున తెల్లటి పొర కట్టే నీళ్లే యంత్రంలోని సన్న రంధ్రాల్లోనూ పొర కట్టి మూసేస్తాయి. తాగడానికి తెచ్చే ఫిల్టర్ నీళ్లలో ఒక గ్లాసున్నర దీనికి పోయడం మంచిది. ఫినాయిల్ పోయవద్దని కంపెనీలే చెబుతాయి. యాసిడ్ సంగతి మేము చెబుతాం. బాత్రూం కడిగే యాసిడ్ అంటే హైడ్రోక్లోరికామ్లం, బండ అంటే కాల్షియం కార్బొనేట్. రెండూ కలిస్తే నురగ వచ్చి కార్బన్ డయాక్సైడ్ పోతుందని ల్యాబులో చేసి చూసినదే. మన నేల మీద అదే జరిగితే పాలిష్ పోయి బండ గుడ్డిదైపోతుంది. నిమ్మరసం, వెనిగర్, చింతపండు పులుపు కూడా నెమ్మదిగా అదే పని చేస్తాయి. ఇంటర్‌నెట్‌లో వెనిగర్ కలపమని చెప్పే సలహాలు టైల్స్ ఇళ్లకు రాసినవి, తాండూరు బండకు కాదు.

కరెంటు ఖర్చుకు భయపడనక్కర్లేదు. మామూలుగా ఉండే 5200 మిల్లీ ఆంపియర్ గంటల, 14.4 వోల్టుల బ్యాటరీలో పట్టేది 75 వాట్ గంటలు. నష్టాలు పోయినా ఒక యూనిట్ కరెంటుతో పది సార్లు నింపవచ్చు. ఇంటర్‌నెట్ మాత్రం కావాలి. చాలావరకు ఇవి 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైకి మాత్రమే దొరుకుతాయి. వైఫై లేకున్నా నొక్కితే పనిచేసే పెద్ద బటన్ యంత్రం మీదే ఉందో లేదో చూడాలి. మా పరీక్షలో యాప్ అన్న ఫోన్లో ఉంది. రెండో రోజు మధ్యాహ్నం ఆయన హైదరాబాదులో ఆఫీసు నుంచి సరదాగా నొక్కాడు. ఇక్కడ చాటలో బియ్యం ఏరుకుంటున్న అమ్మ మీదికి డబ్బా చప్పుడు చేసుకుంటూ వచ్చింది. బియ్యం సగం దాని కడుపులోకి పోయాయి. తరువాత ఫోన్లో కొడుకుతో ఆమె మాట్లాడిన మాటలు ఇక్కడ రాయలేం.

కంపెనీ సంగతి కూడా చూడాలి. లేజర్‌తో పటం గీసే యంత్రాన్ని 2010లోనే తెచ్చిన నీటో కంపెనీ 2023లో మూతపడింది. రూంబా చేసిన ఐరోబో 2025 డిసెంబరులో దివాలా రక్షణ కోసం కోర్టుకు పోయింది. కాబట్టి పేరు పెద్దదా అన్నది కాదు. బ్రష్షు, ఫిల్టరు, బట్టలు, బ్యాటరీ విడిగా దొరుకుతాయా, వాటి ధర ఎంత, హైదరాబాదులో సర్వీసు సెంటర్ ఉందా అన్నదే అడగాలి. మేమైతే యంత్రం ధర కంటే ముందు బ్యాటరీ ధర అడిగాం. షాపులో కుర్రాడు మమ్మల్ని వింతగా చూశాడు.

ఇంత దూరం వచ్చాక మా అమ్మ సంగతి రాయకుండా దాటిపోలేం. మా అమ్మ మునుపు తాండూరులో బండల పాలిష్ దగ్గర మోసేది, ఇప్పుడు వికారాబాద్‌లో రెండిళ్లలో పనిచేస్తుంది. ఈ వ్యాసం కోసం తిరుగుతున్నామని చెబితే ముందు మురిసిపోయింది. తరువాత, "నేను జేసే ఇండ్లల్ల గూడ గది వస్తే నాకేం పని మిగులుతది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. మేము జవాబు వెతికేలోపే ఒకింట్లో వచ్చేసింది. ఊడ్చుడు, తుడుచుడు అక్కర్లేదని నెలకు 600 రూపాయలు తగ్గించారు. మూడు నెలలకు మూలలు నల్లబడ్డాయి, మెట్ల మీదికి అది పోదు, సోఫా వెనక దూరదు. వాటిని తుడవమని మళ్లీ అడిగి 300 కలిపారు. బ్రష్షుకు చుట్టుకున్న వెంట్రుకలు బ్లేడుతో కోసి తీయడం, డబ్బా దులపడం, బట్టలు ఉతకడం కూడా మా అమ్మ మీదే పడ్డాయి, వాటికి లెక్క లేదు. ఇళ్లలో పనిచేసేవాళ్ల హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. మన దేశం దానికి ఇంకా ఆమోదముద్ర వేయలేదు. లెక్క రాసి అడగమని మేము చెప్పాం. మా అమ్మ అడిగింది. యంత్రం పనులకు ఇంకో 200 ఇస్తున్నారు. ఇంకా 100 తక్కువే.

హాస్టల్ విషయానికి వస్తే, టేపు పట్టుకుని వచ్చి కొలిచాం. పెద్ద గది 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. దాదాపు 74 చదరపు మీటర్లు, యంత్రానికి అది పెద్ద లెక్క కాదు. కానీ మంచాల కింద రేకు పెట్టెలు, పెట్టెల పక్కన చెప్పులు, బకెట్లు, వేలాడే చార్జర్ వైర్లు, ఆరేసిన తువ్వాళ్లు తీసేస్తే యంత్రం తిరగగల నేల మూడో వంతు కూడా లేదు. ఆ మూడో వంతులో కూడా ఎప్పుడూ మనుషులుంటారు. ఈ యంత్రానికి అన్నిటికంటే ముందు కావాల్సింది ఖాళీ నేల. మనకు లేనిదే అది. పిల్లలు బడికి పోయాక నడపవచ్చు కదా అంటే, అప్పుడు గదికి తాళం, తాళం తీసి పెట్టెలన్నీ మంచాల మీదికి ఎత్తాల్సింది కామాటి అక్కే. అన్నం మెతుకులు పడిన భోజనశాల నేలకూ ఇది సరిపోదు, తడి మెతుకులు లోపల పులిసి వాసన వస్తాయి. అందుకని హాస్టల్‌కు వద్దని రాసిచ్చాం. కొందరు తమ్ముళ్లకు మా మీద కోపం వచ్చింది. ఫొటో దిగే వస్తువు పోయిందని వాళ్ల బాధ. అది మాకూ లేకపోలేదు.

అన్న వాళ్లింటికి మాత్రం కొనమన్నాం. లేజర్ ఉన్నది, కెమెరా లేనిది, రెండు గుండ్రటి బట్టలు తిరిగేది, మీద బటన్ ఉన్నది, స్టేషన్ లేనిది. స్టేషన్ వద్దన్నది అమ్మే. "ఆ రెండు బట్టపేలికలు బోళ్లు తోమేటప్పుడే జాడిస్త, గంత పెద్ద డబ్బ ఎవరు మోస్తరు?" అన్నది. ఇంకో నాలుగు జతల బట్టలు విడిగా తెప్పించాం. వంటింటి గడపకు రెండు వైపులా వడ్రంగితో వాలు చెక్కలు కొట్టించాం, ఖర్చు 350. వాకిలి గడపను ముట్టుకోలేదు. వంటింటి బండల సందుల్లో కొత్తగా సిమెంటు నింపించాం. యాప్‌ను అన్న ఫోన్లోంచి తీసేయించాం. పక్కింటి డిగ్రీ చదివే అమ్మాయి ఫోన్లో ఒకటి పెట్టాం. వరండాలో గీత గీసింది ఆ అమ్మాయే. ఇప్పటికి ఏడు నెలలు. అమ్మ హాలు, రెండు గదులు దానికి వదిలేసింది, వరండా మాత్రం కుర్చీ వేసుకుని కర్ర బట్టతో తనే తుడుస్తుంది.

హాస్టల్ కోసం పక్కన పెట్టిన డబ్బుతో అన్న చక్రాల మీద జరిగే, పిండే జాలి ఉన్న పెద్ద బకెట్లు నాలుగు, పొడవాటి కర్ర తుడుపు బట్టలు పన్నెండు, దుమ్ము పనికి మాస్కులు, పెట్టెలు పెట్టుకోవడానికి గోడకు ఇనుప అరలు చేయించాడు. అరలు వచ్చాక నేల కనబడుతోంది. కామాటి అక్కను ఎలా ఉన్నాయని అడిగితే, వంగకుండా తుడవగలుగుతున్నానని, కర్ర ఇంకో జానెడు పొడుగుంటే బాగుండేదని చెప్పింది. ఈ సంవత్సరం సమ్మేళనానికి వచ్చే సీనియర్ అన్నలు, అక్కలు గమనించగలరు: కర్ర పొడవు అయిదు అడుగులకు తగ్గకూడదు.